ల్యాప్‌టాప్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి ఆగండి

బీర్కూర్ నుంచి మాట్లాడుతున్న. వెనక సౌండ్ వస్తే ఏమనుకోకండి, వరి కోతల టైమ్ ఇది, మా రోడ్డు మీద ట్రాక్టర్లు ఆగవు.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టిండు. "అన్నా, మా అక్క డిగ్రీలో ఉన్నప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు నాకు ఇచ్చింది. ఆన్ చేస్తే పది నిమిషాలు తిరుగుతనే ఉంటది. షాపుకు తీసుకపోతే ఫార్మాట్ కొట్టాలె అన్నరు. కొట్టించనా?" అని. ఇదే ప్రశ్న నాకు వారానికి నలుగురైదుగురు వేస్తరు. అందుకే ఈ రోజు మొత్తం దీని మీదనే.

ముందు ఒక మాట. మనలో చాలా మందికి కంప్యూటర్ కంటే ఫోన్ ముందు వచ్చింది. ఫోన్ స్లో అయితే ఏం చేస్తం? ఫ్యాక్టరీ రీసెట్ కొడతం. గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే కాంటాక్టులు వస్తయ్, బ్యాకప్ ఆన్ చేసుకున్నోళ్లకు ఫోటోలు, వాట్సాప్ చాట్‌లు కూడా తిరిగి వస్తయ్. ఆ అలవాటుతోనే కంప్యూటర్‌ను చూస్తం. కాని మన ఊర్లల్లో ఉన్న కంప్యూటర్లకు వెనక ఏ క్లౌడ్ ఉండదు. దాంట్లో ఉన్నది దాంట్లోనే ఉంటది. పోతే పోయినట్టే. నేను ఒకసారి తొందరపడి ఒక అన్న బతుకుదెరువు మీదికి తెచ్చిన. అది కూడా చెప్త, దాచిపెట్టను.

సరే, స్లో ఎందుకు అయితదో చూద్దాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, ఈ మూడు ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తది. పైన సీపీయూ, మెమొరీ, డిస్క్ అని ఉంటయ్. కంప్యూటర్ ఆన్ అయినంక ఒక ఐదు నిమిషాలు ఏమీ ఓపెన్ చేయకుండ వాటినే చూడండి. నా దగ్గరికి వచ్చే పాత ల్యాప్‌టాప్‌లల్ల ఎక్కువ వాటికి డిస్క్ దగ్గర 100 శాతం అని ఎర్రగా కనబడతది. అంటే అది విండోస్ తప్పు కాదు, లోపల ఉన్న హార్డ్ డిస్క్ అందుకోలేకపోతున్నది.

ఎందుకో చెప్త. పాత ల్యాప్‌టాప్‌లల్ల నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఉంటది. లోపల ఒక రేకు తిరుగుతుంటే, ఒక చిన్న ముల్లు అటూ ఇటూ కదిలి డేటా చదువుతది. ఒక రేషన్ షాపు అనుకోండి. డీలర్ ఒక్కడే. ఒకరికి బియ్యం ఇయ్యాలంటే వెనక గోదాములకు పోవాలె, తేవాలె, మళ్లీ ఇంకొకరి కోసం పోవాలె. హార్డ్ డిస్క్ అంతే, చెల్లాచెదరుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు ఒక వంద సార్లు తెచ్చుడే గొప్ప. విండోస్ స్టార్ట్ అయ్యేటప్పుడు అటువంటి ఫైళ్లు వేలల్ల అడుగుతది. ఎస్‌ఎస్‌డీ అయితే ముల్లు లేదు, తిరుగుడు లేదు, అదే పని సెకనుకు వేల సార్లు చేస్తది. కాబట్టి హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు మీరు పదిసార్లు ఫార్మాట్ కొట్టినా, ఒక పదిహేను రోజులు బాగుంటది, మళ్లీ మొదటికే వస్తది. ఆ ఫార్మాట్ పైసలు దాచుకొని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. బాన్సువాడల దొరకకపోతే నిజామాబాద్, లేకుంటే హైదరాబాద్ పోయినప్పుడు సికింద్రాబాద్‌ల సీటీసీ ఉన్నది కదా, చెనాయ్ ట్రేడ్ సెంటర్, అక్కడ దుకాణాలే దుకాణాలు. ఇంకో లాభం ఏంటంటే, పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాంట్లకు క్లోన్ చేయొచ్చు. విండోస్ మళ్లీ వేసే పనే లేదు.

డిస్క్ కాదు, మెమొరీ 90 దాటి ఉంటే ర్యామ్ తక్కువైనట్టు. 4 జీబీతోని క్రోమ్‌ల పది ట్యాబ్‌లు తెరిస్తే ఏ విండోస్ అయినా మొండికేస్తది. ఇంకో 4 వేయించండి. కొన్ని సన్నటి మోడళ్లల్ల ర్యామ్ బోర్డుకే అతికి ఉంటది, పెంచరాదు, కొనే ముందు అడిగి చూసుకోండి. అదే టాస్క్ మేనేజర్‌ల స్టార్టప్ అని ఒక ట్యాబ్ ఉంటది, అక్కడ మీరు వాడనివన్నీ డిసేబుల్ కొట్టండి. దానికి షాపుకు పోయే పనే లేదు.

మూడోది మన దిక్కు ప్రత్యేకం: దుమ్ము. చుట్టూ రైస్ మిల్లులు, కోతల టైమ్‌ల ఊక దుమ్ము. ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఆ దుమ్మునంతా లోపలికి గుంజుకుంటది. వేడి బయటికి పోదు. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటది. ఆన్ చేసినప్పుడు బాగుండి, ఇరవై నిమిషాలకు స్లో అయి, ఫ్యాన్ మోటార్ లెక్క మోగుతుందంటే ఇదే కారణం. ఒక ల్యాప్‌టాప్ నేను విప్పితే ఫ్యాన్ పక్కన పరుపు లెక్క ఒక పొర వచ్చింది. దానికి అంతకు ముందు రెండుసార్లు ఫార్మాట్ కొట్టిచ్చిన్రు! దులిపితే సరిపోయింది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది. దాంట్ల మీ డిస్క్ ఆరోగ్యం కనబడతది. నీలం రంగు అయితే బాగున్నట్టు. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే ఇంక దాన్ని నమ్మొద్దు. పసుపు, ఎరుపు వచ్చినయంటే ఫార్మాట్ ముచ్చటే తీయకండి, ముందు లోపల ఉన్నదంతా వేరే దాంట్లకు కాపీ చేసుకోండి. చచ్చిపోయే డిస్క్ మీద విండోస్ వేస్తే ఆ బరువుకే అది పడిపోవచ్చు.

ఇవన్నీ చూసిన్రు. డిస్క్ బాగుంది, ర్యామ్ ఉంది, దుమ్ము లేదు. అయినా సతాయిస్తున్నది. బ్లూ స్క్రీన్ వస్తున్నది, అప్‌డేట్ ఎక్కుతలేదు. అప్పుడు విండోస్ వైపు చూడాలె. అప్పుడు కూడా డైరెక్టుగ ఫార్మాట్ కాదు.

మీకు 2024 జూలై 19 యాదికి ఉందా? శుక్రవారం. ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం స్క్రీన్ వేసుకొని కూసున్నయ్. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌ల తప్పు ఉండె. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయినయ్. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టుల కూడా చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చిన్రు, ఆ ఫోటో అప్పుడు ఫుల్ వైరల్. మరి అన్ని లక్షల కంప్యూటర్లకు ఫార్మాట్ కొట్టిన్రా? లేదు. సేఫ్ మోడ్‌లకు పోయి ఆ ఖరాబైన ఒక్క ఫైల్‌ను తీసేసిన్రు. మళ్లీ లేచినయ్. నేను చెప్పేది కూడా అదే, ఎక్కడ విరిగిందో చూసి అంతవరకే బాగు చేయొచ్చు.

విండోస్ తన ఫైళ్లను తనే చెక్ చేసుకునే పద్ధతి ఒకటి ఉన్నది. స్టార్ట్ మెనూల సీఎండీ అని టైప్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇయ్యండి. నల్ల స్క్రీన్ వస్తది, భయపడకండి. ముందు డిజమ్ కమాండ్, అది ఇప్పుడు స్క్రీన్ మీద చూపిస్తున్న, స్పేస్‌లతో సహా అట్లనే కొట్టాలె. దానికి నెట్ కావాలె, ఎందుకంటే చెడిపోయిన ఫైళ్లకు మంచి కాపీలను మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకుంటది. అది అయినంక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్. ఇది ఆ మంచి కాపీలతోని పోల్చి, తేడా ఉన్న సిస్టమ్ ఫైళ్లను మార్చేస్తది. మధ్యల కొంచెంసేపు కదలనట్టు ఉంటది. ఆగిందనుకొని బంద్ చేయకండి, చాయ్ తాగి రండి.

దానితోని కాకపోతే రిపేర్ ఇన్‌స్టాల్. ఇది చాలా మందికి తెలియదు, షాపులల్ల కూడా చెప్పరు, ఎందుకంటే దీనికి టైమ్ పడతది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ ఐఎస్ఓ ఫైల్ దింపుకొని, విండోస్ ఆన్‌ల ఉండగానే దాని మీద డబుల్ క్లిక్ చేసి సెటప్ నడపాలె. "పర్సనల్ ఫైల్స్, యాప్స్ రెండూ ఉంచు" అనే ఆప్షన్ వస్తది. అంటే విండోస్ మొత్తం కొత్తగ వస్తది, మీ ఫైళ్లు ఉంటయ్, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు కూడా ఉంటయ్. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ లోపలనే విండోస్ అప్‌డేట్ ద్వారా రీఇన్‌స్టాల్ అనే బటన్ వచ్చింది, ఇదే పని చేస్తది. ఒక్క బాధ, డేటా. ఐఎస్ఓ ఫైల్ 5 జీబీ పైన్నే ఉంటది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నోళ్లు హాట్‌స్పాట్‌తో ఒక్కనాడు దింపలేరు. అన్‌లిమిటెడ్ 5జీ ఉన్న దోస్తును పట్టుకోండి.

ఇక్కడ ఒక మోసం ఉంది, వినండి. రికవరీలనే "రీసెట్ దిస్ పీసీ" అని ఇంకోటి ఉంటది. దాంట్ల "కీప్ మై ఫైల్స్" అని ఉంటది. అందరూ ఏమనుకుంటరు? అన్నీ ఉంటయ్ అనుకుంటరు. కాదు. ఫైళ్లు మాత్రమే ఉంటయ్. మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు అన్నీ పోతయ్, ఏమేం పోయినయో ఒక లిస్టు డెస్క్‌టాప్ మీద పెడతది, అంతే. స్టూడెంట్‌కు పెద్ద నష్టం లేదు. కాని మీసేవ సెంటర్ నడిపేటాయనకు? వేలిముద్ర మిషన్ డ్రైవర్, దాని ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, అన్నీ మళ్లీ మొదటి నుంచి. బయట క్యూ నిలబడి ఉంటది.

ఇక అసలు ఫార్మాట్, క్లీన్ ఇన్‌స్టాల్. వైరస్ లోతుగ పోయినప్పుడు, లేదా సెకండ్ హ్యాండ్‌ల కొన్నప్పుడు ఇదే కరెక్ట్. దీని దగ్గరనే నా కథ చెప్త.

నేను నేర్చుకునే కొత్తల, మా దిక్కున ఒక డీటీపీ షాపు అన్న పిలిచిండు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, బడి పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ల. "తమ్మీ, సిస్టమ్ మస్తు స్లో అయింది, కొట్టెయ్" అన్నడు. "అన్నా, సీల ఏమన్న ఉన్నదా?" అంటే "ఏం లేదు, అంతా డీలనే ఉన్నది" అన్నడు. నేను పెన్ డ్రైవ్ పెట్టి మొదలుపెట్టిన. విండోస్ సెటప్‌ల పార్టిషన్ల లిస్టు వస్తది కదా, అక్కడ సీ, డీ అని అక్షరాలు రాయవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, సైజు, అంతే. 500 జీబీ డిస్క్, రెండు భాగాలు, రెండూ దాదాపు 232 జీబీ. ముందున్నదే సీ అనుకున్న. అంతకు ముందు ఎవరో విండోస్‌ను రెండో దాంట్లో వేసి ఉన్నరు. నేను ముందుదాన్ని ఫార్మాట్ కొట్టి దాంట్లనే కొత్త విండోస్ ఎక్కించిన.

ఆన్ అయినంక అన్న డీ డ్రైవ్ తెరిచిండు. పాత విండోస్ ఫోల్డర్ కనబడింది. "నా ఫైళ్లు ఏవి తమ్మీ?" అన్నడు. నాకు అప్పుడు అర్థమైంది. కాళ్లల్ల వణుకు వచ్చింది. పదేండ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు, ఆయన బిడ్డ చిన్నప్పటి ఫోటోలు. ఫోటోరెక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోని రెండు రాత్రులు వెతికిన. వేల ఫోటోలు వచ్చినయ్, పేర్లు లేవు, తేదీలు లేవు, సగం విరిగి ఉన్నయ్. కొత్త విండోస్ ఎక్కిన జాగల ఉన్నవి మాత్రం ఎవ్వరూ తేలేరు. ఆ అన్న నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితేనే బాగుండు అనిపించింది.

అందుకే ఇప్పుడు నేను చేసే పని ఏంటంటే: ఫార్మాట్‌కు ముందు విండోస్‌ల డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్త. ఏ డ్రైవ్ ఎంత సైజు ఉందో ఫోన్‌తోని ఫోటో తీస్త. రెండు డిస్క్‌లు ఉంటే, డేటా ఉన్నదాని కేబుల్ పీకేస్త. అది లేకుంటే పొరపాటుకే చాన్స్ లేదు. ఇంకా, "సీల ఏం లేదు" అనే మాటను ఎవ్వరు చెప్పినా నమ్మను. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ సీలనే ఉంటయ్. ఎరువుల దుకాణపోళ్ల ట్యాలీ డేటా కూడా చాలాసార్లు సీలనే ఉంటది. డీటీపీ వాళ్లయితే అను ఫాంట్లు. ఇవి యూనికోడ్ కాదు, సీలో విండోస్ లోపల ఫాంట్స్ ఫోల్డర్‌ల ఉంటయ్. ఆ ఫాంట్లు పోతే, పేజ్‌మేకర్ ఫైల్ ఉన్నా తెలుగు కనబడదు, ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి గీతలు కనబడతయ్. కాబట్టి ఫాంట్లు కాపీ చేసుకోండి, సెటప్ సీడీ ఉందా చూసుకోండి, ముఖ్యమైన మ్యాటర్ పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోండి.

ఇంకో తాళం బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌లల్ల మీకు తెలియకుండనే డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. అప్పుడు బయోస్‌ల ఏమన్న మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతది. క్రౌడ్‌స్ట్రైక్ రోజు చాలా ఆఫీసులల్ల ఒక్క ఫైల్ తీసుడు లేటైంది కూడా ఈ కీ దొరకకనే. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ముందే రాసి పెట్టుకోండి.

కీ గురించి ఇంకొకటి. ల్యాప్‌టాప్‌తో పాటు ఒరిజినల్ విండోస్ వస్తే, కొత్తగ వేసేటప్పుడు ప్రొడక్ట్ కీ అడిగితే "నా దగ్గర లేదు" అని కొట్టి ముందుకు పోవచ్చు. అదే ఎడిషన్ వేస్తే, నెట్ కనెక్ట్ అయినంక దానంతట అదే యాక్టివేట్ అయితది. ఇది తెలియక, ఒరిజినల్ ఉన్న ల్యాప్‌టాప్‌లల్ల కూడా క్రాక్ వేయించుకుంటున్నరు! ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ బంద్ చేయమంటది. తాళం తీసి దొంగను పిలుచుకున్నట్టు. కొందరైతే అప్‌డేట్లు కూడా ఆపి ఇస్తరు. 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌ల పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నయ్. ఆ రంధ్రాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. వేసుకోనోళ్లే ఎక్కువ చిక్కిన్రు.

సరే, కంప్యూటర్ అసలు ఆన్ అయితలేదు, ఇంట్ల ఇంకో కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే ఉన్నది. ఏం చేయాలె? ఇది మీకు పనికొచ్చే ముచ్చట. ఎచ్‌డ్రాయిడ్ అని ఆండ్రాయిడ్ యాప్ ఉన్నది, ఫ్రీ. ఓటీజీతోని పెన్ డ్రైవ్ ఫోన్‌కు పెట్టి, లైనక్స్ మింట్ ఐఎస్ఓను దాంట్ల రాయొచ్చు. పెన్ డ్రైవ్‌ల ఉన్నది మొత్తం పోతది, ఖాళీది తీసుకోండి. విండోస్ ఐఎస్ఓకు ఈ పద్ధతి పనిచేయదు, లైనక్స్‌కే. ఆ పెన్ డ్రైవ్‌తో ల్యాప్‌టాప్‌ను బూట్ చేయండి, డెల్, లెనోవోలకు ఎక్కువగ ఎఫ్ 12, హెచ్‌పీకి ఎఫ్ 9. ఇన్‌స్టాల్ చేయకుండనే మింట్ నడుస్తది. మీ పాత డిస్క్ అక్కడ ఫోల్డర్ లెక్క కనబడతది. ఫోటోలు, ఫైళ్లు వేరే పెన్ డ్రైవ్‌లకు తీసుకోండి. ఆ తర్వాత ఏమన్న చేసుకోండి, ధైర్యంగ.

ఆ మింట్ నచ్చితే అదే వేసుకోవచ్చు కూడా. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఎన్‌రోల్ అయితే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తయ్. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 ఉండాలె, ఇంటెల్ అయితే ఎక్కువగ ఎనిమిదో జనరేషన్ నుంచే. ఆరో జనరేషన్ ల్యాప్‌టాప్ ఉన్న స్టూడెంట్‌కు బ్రౌజర్, యూట్యూబ్, కోడింగ్, అప్లికేషన్ ఫారాలు, వీటికి మింట్ సరిపోతది. పేజ్‌మేకర్, ట్యాలీ, మీసేవ పని ఉన్నోళ్లు మాత్రం దాని జోలికి పోకండి, తర్వాత నన్ను తిడతరు.

ఆ డీటీపీ అన్న షాపు ఇప్పటికీ ఉంది. పోయిన నెల కొత్త ఎస్‌ఎస్‌డీ వేయమని నన్నే పిలిచిండు. నేను పోయేసరికి, పాత హార్డ్ డిస్క్ విప్పి, పాత టవల్‌ల చుట్టి, బీరువాల పెట్టి తాళం వేసిండు. "ఇప్పుడు చెయ్ తమ్మీ" అన్నడు.

కామెంట్ పెట్టిన తమ్ముడూ, నీ టాస్క్ మేనేజర్ స్క్రీన్ ఫోటో, డిస్క్ ఇన్ఫోల ఏ రంగు వచ్చిందో, రెండూ కింద పెట్టు. చూసి చెప్త. అప్పటి దాకా షాపుకు పోకు. ఉంటా మరి, నమస్తే.